కేసు మెడ ఎప్పుడు కోయాలి?

అమెరికాలో రైఫిల్ తూటాలను ఇంట్లో రీలోడ్ చేసుకునేవాళ్లను, అంటే పేలిన తూటా ఇత్తడి గొట్టంలో (దాన్నే కేసు అంటారు) మళ్లీ మందూ బుల్లెట్టూ నింపుకునేవాళ్లను, "ఎన్నిసార్లు పేల్చాక కేసు ట్రిమ్ చేయాలి (మూతి కోసి పొట్టి చేయాలి)?" అని అడిగితే ఒకరు మూడంటారు, ఇంకొకరు ఐదంటారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.) నిజానికి లెక్క చూడాల్సింది పేలుళ్లది కాదు, పొడవుది.

.308 వించెస్టర్ అనే రకం రైఫిల్ తూటా కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. కోస్తే 2.005కి దింపుతారు. తేడా పావు మిల్లీమీటరు, రెండు మూడు కాగితాల మందం. అది దాటితే కేసు మూతి చేంబరు (తుపాకీలో తూటా కూర్చునే గది) చివర సన్నబడే చోట ఇరుక్కుని బుల్లెట్‌ను నొక్కిపట్టేస్తుంది. మందు మండగానే మెడ విచ్చుకుని బుల్లెట్‌ను వదలాలి. విచ్చుకునే చోటు లేకపోతే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. బోల్టు (చేంబరును వెనకనుంచి మూసే కడ్డీ) బలంగా నెడుతుంది కాబట్టి మూసేటప్పుడు చేతికి తెలియకపోవచ్చు కూడా.

ఇత్తడి ఎందుకు సాగుతుంది? పేలినప్పుడు కేసు ఉబ్బి చేంబరు గోడలకు అతుక్కుంటుంది, అడుగు మాత్రం వెనక్కి బోల్టు మీదికి జరుగుతుంది. తర్వాత సైజింగ్ డై (ఉబ్బిన కేసును మళ్లీ పాత కొలతకు తెచ్చే అచ్చు) ఒళ్లంతా నొక్కేసరికి, జంతికల గొట్టంలో పిండిలా, లోహం మెడవైపు జరుగుతుంది. కేసును బయటికి లాగేటప్పుడు డై లోపలుండే ఎక్స్‌పాండర్ బంతి మెడను ఇంకాస్త సాగదీస్తుంది. అందుకే క్యాలిపర్‌తో (సన్నని తేడాలు కొలిచే పరికరం) కొలవాల్సింది సైజింగ్ అయ్యాకే. ముందే కొలిచి సరిపోయిందనుకున్న కేసు డైలోంచి వచ్చేసరికి హద్దు దాటి ఉండొచ్చు.

కేసు భుజాన్ని (ఒళ్లు మెడగా సన్నబడే చోటు) ఒకటి రెండు వేల వంతుల అంగుళం మాత్రమే వెనక్కి నొక్కేలా డై సర్దుకుంటే కేసు నెమ్మదిగా పెరుగుతుంది. వదులు చేంబరుండి, డైని అడుగుదాకా బిగించేస్తే ప్రతిసారీ కోయాల్సి రావచ్చు. సెమీ ఆటోమేటిక్‌ రైఫిళ్లలో (తర్వాతి తూటాను తామే ఎక్కించుకునేవి) తూటా నమ్మకంగా లోపలికి దిగాలని భుజాన్ని మరికాస్త ఎక్కువే నొక్కుతారు, పెరుగుదలా ఎక్కువే.

కోశాక మూతికి లోపలా బయటా గరుకు తీయాలి. తీయకపోతే బుల్లెట్ రాగి తొడుగు గీసుకుపోతుంది. అలాగని చాకు అంచులా అరగదీయకూడదు.

ఇంకో మాట. పైన కోసి పారేసిన లోహంలో కొంత కింది గోడలోంచి వచ్చినదే. అడుగుకు కాస్త పైన ఆ గోడ పలచబడుతుంది. పేపర్ క్లిప్పును సాపు చేసి, కొన వంచి, కేసు లోపలి గోడ వెంట అడుగునుంచి పైకి లాగండి. ఎక్కడైనా గాడిలో తట్టుకుందా, ఆ కేసును మిగతావాటిలో కలవకుండా అప్పుడే పటకారుతో నలిపేయండి.