పార్టిషన్ హద్దుల హెచ్చరికలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: భౌతిక సెక్టార్ (డిస్క్ ఒకేసారి చదివే, రాసే అతిచిన్న ముక్క) హద్దు దగ్గర పార్టిషన్ (డిస్క్‌ను విడగొట్టిన భాగం) మొదలు కాలేదని, లైనక్స్‌లో పార్టిషన్లను చూపే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామ్ చెబితే, డిస్క్ పాడవుతున్నట్టే.

వాస్తవం: ఆ హెచ్చరికకు డిస్క్ ఆరోగ్యంతో సంబంధం లేదు, అది వేగానికి సంబంధించినది. ఇప్పటి హార్డ్ డిస్కులలో చాలావాటి భౌతిక సెక్టార్ 4096 బైట్లే అయినా, పాత సాఫ్ట్‌వేర్ కోసం అవి 512 బైట్ల సెక్టార్లున్నట్టు చూపుతాయి. అటువంటివి ఎనిమిది కలిస్తే ఒక భౌతిక సెక్టార్ కనుక, పార్టిషన్ ప్రారంభ సెక్టార్ సంఖ్య 8తో శేషం లేకుండా భాగింపబడాలి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. అటువంటి పార్టిషన్‌లో ఫైల్ సిస్టమ్ బ్లాకు (ఫైళ్లను దాచే చిన్న ముక్క) ఒక్కొక్కటీ రెండు భౌతిక సెక్టార్ల మీదికి పారుతుంది. దానిని రాయాలంటే డిస్క్ ఆ రెండింటినీ ముందు చదివి, మార్చి, తిరిగి రాయవలసి వస్తుంది. తరువాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ప్రారంభం 2048వ సెక్టార్‌కు మారింది. ఎస్‌ఎస్‌డీలకూ ఈ అమరిక అవసరమే.

అపోహ: హెచ్చరిక వచ్చిన ప్రతి పార్టిషన్‌నూ సరిచేయాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పార్టిషన్ల వివరాలను డిస్క్ మీద రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో విండోస్ పక్కన లైనక్స్ పెట్టిన యంత్రాలలో నేను ఈ హెచ్చరికను ఎక్కువగా చూసింది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ మీదే. ఉదాహరణకు అది 501758 దగ్గర, దాని లోపలి లాజికల్ పార్టిషన్ 501760 దగ్గర మొదలయ్యాయనుకుందాం. మొదటి సంఖ్యను 8తో భాగిస్తే 6 మిగులుతుంది, అందుకే హెచ్చరిక. కానీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ కేవలం లాజికల్ పార్టిషన్లను లోపల పెట్టుకునే ఒక పెట్టె. మన ఫైళ్లు ఉండేది లాజికల్‌లో, దాని సంఖ్య శేషం లేకుండా భాగింపబడుతోంది. ఇక్కడ సరిచేయవలసినదేమీ లేదు. ఈ హెచ్చరికకు భయపడి, చక్కగా పనిచేస్తున్న పార్టిషన్లను చెరిపేసుకున్నవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: పార్టిషన్ సిలిండర్ హద్దు దగ్గర ముగియకపోతే తప్పు.

వాస్తవం: డిస్క్ పళ్లేల మీది వలయాలను బట్టి చోటును కొలిచే సిలిండర్ లెక్క, విండోస్‌కు ముందరి డాస్ కాలపు అవశేషం, దానిని పట్టించుకోనక్కరలేదు.

అపోహ: పార్టిషన్లను మార్చే జీపార్టెడ్ ప్రోగ్రామ్‌తో పార్టిషన్‌ను జరిపితే క్షణాలలో సరిపోతుంది.

వాస్తవం: ప్రారంభాన్ని జరపడమంటే లోపలి సమాచారమంతటినీ కొత్త చోటికి రాయడమే, పెద్ద పార్టిషన్‌కు గంటలు పట్టవచ్చు, మధ్యలో కరెంటు పోతే సమాచారం పోవచ్చు, విండోస్ పార్టిషన్‌ను కదిపితే అది బూట్ కాకపోవచ్చు. కనుక ముందు పార్టెడ్ అనే ప్రోగ్రామ్‌లోని అలైన్-చెక్ ఆదేశంతో, ఫైళ్లున్న పార్టిషన్‌నే పరీక్షించండి. దాని అమరిక నిజంగా తప్పితేనే, వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకుని, విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంచుకుని, ఆ తరువాత జరపండి.