సుగ్గికి పోయిన బిడ్డ గుడ్డు ఎవరి లెక్కలో?

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు సుగ్గి (పనుల కోసం నెలల తరబడి ఇంటిల్లిపాదీ వలస పోవడం) మాట ఎత్తితే చాలు, పాత పంచాయితీ మళ్లీ లేస్తుంది: అంగన్వాడీ సరుకు బదులు తల్లి ఖాతాలో డబ్బులేస్తే పోదా?

అంగన్వాడీలను తెచ్చిన 1975 నాటి ఐసీడీఎస్ పథకం సంగతి అందరికీ తెలిసిందే. 2013 ఆహార భద్రత చట్టం రెండు మాటలిచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్వాడీలో ఉచిత భోజనం, గర్భిణులకు కనీసం 6,000 రూపాయలు. తిండికి తోడు డబ్బన్నమాట, తిండికి బదులు కాదు.

అసలు మలుపు 2017లో వచ్చింది. మాతృ వందన పథకం ఆ సొమ్మును 5,000 చేసి, మూడు విడతలుగా విరిచి, మొదటి బిడ్డకే పరిమితం చేసింది. మిగతాది ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష పథకంలో చూసుకోమన్నారు. రెండో బిడ్డకు, అదీ ఆడపిల్లయితేనే, 2022లో దారి దొరికింది. ఇక్కడి తల్లులకు తెలిసిన నగదు బదిలీ ఇదే: ఫారాలు, ఆధార్, ఎప్పుడు పడుతుందో తెలియని విడత. దీన్ని చూపించి డబ్బుతో పోషణ రాదని తేల్చేయడం అన్యాయం.

సరుకే మేలనేవాళ్ల భయం ఒకటే, డబ్బు అప్పుకో మందుకో పోతుందని. నిజమే, పోవచ్చు. కానీ గుంటూరు మిరప కోతలకు పోయిన కుటుంబం సంగతేంటి? నెలల తరబడి బిడ్డ చేను గట్టున ఉంటుంది, గుడ్డు ఊళ్లో సెంటర్‌లో ఉంటుంది. అంగన్వాడీల లెక్కలు రాసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో సెంటర్ మార్చుకోవచ్చట. గుడిసెలేసుకున్న చోట సెంటరుండాలి కదా. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకుకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఊళ్లో మిగిలిన అవ్వ పోయి తెచ్చే వీలూ తగ్గింది. ఖాతా మాత్రం తల్లి వెంటే ఉంటుంది.

బంగ్లాదేశ్‌లో 2012 నుంచి రెండేళ్లు దీన్ని పరీక్షించారు. ఉత్తరాది పల్లెల్లో నెలకు 1,500 టాకాలు మాత్రమే ఇచ్చినా, సరుకు మాత్రమే ఇచ్చినా వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లల సంఖ్య పెద్దగా తగ్గలేదు. డబ్బుతో పాటు బిడ్డకు ఏం పెట్టాలో తల్లులను కూర్చోబెట్టి చెప్పిన చోట 7 శాతం పాయింట్లకు పైగా తగ్గింది. మన దగ్గర ఆ మాట చెప్పాల్సిన టీచరు ఫోన్లో ఫొటోలు తీస్తూ ఉంది.

2015-16, 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మధ్య రాష్ట్రంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.4 శాతం నుంచి 31.2కి వచ్చారు, అంతే. పథకాల పేర్లు మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారాయి.

ఇవ్వాల్సిన భోజనం ఇవ్వకపోతే రాష్ట్రం భత్యం చెల్లించాలని ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. సుగ్గి నెలలకు దాన్ని వర్తింపజేస్తారా, లేక సెంటర్ తెరిచే ఉంది, బిడ్డే రాలేదంటారా? తేలాల్సింది ఇదే.