కప్పు కూలకపోతేనే భయం

గోదావరిఖని

చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగిండు కదా, "తాతా, బొగ్గు బాయిలో కప్పు కూలకుండా ఆపడమే కదా మీ పని?" అని. సగమే నిజం బిడ్డా. లాంగ్‌వాల్ అనే పద్ధతిలో బొగ్గు తీసేటప్పుడు మేం నిలబడ్డ చోట కప్పు కూలొద్దు. మా వెనక మాత్రం కూలి తీరాలి.

ఒక పొడవాటి బొగ్గు గోడ అనుకోండి. ఇక్కడికి దగ్గర్లో 2014లో మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్‌లో దాని పొడవు 250 మీటర్లు. షీరర్ అనే యంత్రం గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ బొగ్గును చెక్కేస్తది. రాలిన బొగ్గు గొలుసు కన్వేయర్ మీద పోతది. మనుషుల తలల మీద వరసగా ఇనుప షీల్డులుంటయి, అక్కడ ఒక్కోటి 1152 టన్నులు మోసే రకం. బొగ్గు తీసినకొద్దీ ఒక్కో షీల్డు కొంచెం దిగి, ముందుకు జరిగి, మళ్లీ కప్పుకు ఆనుకుంటది. వెనక మిగిలిన ఖాళీని గోఫ్ అంటం. రాయి కూలాల్సింది అక్కడ.

కూలకుండా వేలాడిందనుకోండి, ఆ బరువంతా షీల్డుల మీదికే వస్తది. మన గోదావరి లోయలో బొగ్గు మీద ఇసుకరాయి ఉంటది, కొన్నిచోట్ల మొండిది, ఓ పట్టాన విరగదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చర్చా వెస్ట్‌లో పైన డోలరైట్ అనే గట్టి రాయి ఉండేది. 1990లో అది ఒక్కసారిగా ఒరిగితే షీల్డులు నలిగిపోయినయి. అందుకే కొన్ని గనుల్లో కప్పుకు రంధ్రాలు వేసి, మందుపెట్టి పేల్చి, కావాలనే కూలుస్తరు.

బరువు వచ్చేముందు సూచన ఉంటది. షీల్డు కాళ్ల గేజీలో ముల్లు లేస్తది, ఎదురుగా బొగ్గు గోడ పెచ్చులూడుతది, వెనక నుంచి చప్పుళ్లు. "వెయిటింగ్ వచ్చింది" అంటం, అంటే కప్పు బరువు పడుతుందని. కొత్తోళ్లు ఆ చప్పుడుకు జడుసుకునేటోళ్లు. నాకైతే చప్పుడు లేని రోజే కడుపులో తిప్పేది.

ఇంకో శత్రువు ఆగిపోవడం. ఒకసారి మా బాయిలో కన్వేయర్ గొలుసు తెగి రెండు షిఫ్టులు పని నిలిచింది. కదలని షీల్డుల మీద కప్పు మెల్లగా కూర్చుంది. కొన్నింటి కాళ్లు పూర్తిగా కుంగి బిగుసుకుపోతే, కింద నేల తవ్వి విడిపించినం. ఎక్కువ రోజులు ఆగితే ఇంకో ముప్పు కూడా ఉంది. గోఫ్‌లో మిగిలిన బొగ్గు గాలి తగిలి తనంతట తనే వేడెక్కుతది. గోడలకు చెమట పడుతది, కిరసనాయిలు లాంటి వాసనొస్తది. దానికి ముందే కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచి పట్టుకోవాలి, గోఫ్‌లోకి నైట్రోజన్ పంపాలి.

మీథేన్ సంగతి మీ సైన్స్ పుస్తకంలో ఉంటది. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతది. మా దగ్గర 1.25 శాతం దాటంగనే కరెంటు తీసేయాలి, అంత ముందుగానే. దుమ్ముకు నీళ్లు చల్లుతరు. అయినా నా దగ్గు మీకు తెలిసిందే.

బుజ్జమ్మ అడిగింది, బొగ్గంతా అయిపోయినంక ఆ షీల్డులను ఎట్లా తెస్తరని. చివరి కొన్ని మీటర్లలో కప్పుకు ఇనుప వల పరిచి, బోల్టులు బిగించి, ఒక్కో షీల్డునూ లాగి బయటికి తెస్తరు. వారాలు పడుతది. ఆఖరి షీల్డు బయటపడేదాకా ఆ కప్పు కూలొద్దు. అప్పుడు మాత్రం చిన్నోడు అన్నదే మా పని.

మీ తాత