‘ఒళ్లు కదపకు’ అంటారు గానీ… క్యాన్సర్ చికిత్స తర్వాత కదలిక: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఆఖరి కీమో ముగించుకుని శ్రీకాకుళం బస్సెక్కే రోజున ‘కాస్త నడుస్తూ ఉండండి’ అని చెప్పి పంపుతారు. ఊరు చేరేసరికి ఆ ఒక్క మాట మీద ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ పది మాటలు పేరుస్తారు. ఎంత నడవాలి, ఎంత బరువు ఎత్తొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఫిజియోథెరపీ గదిలో మేం తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: నీరసం పూర్తిగా పోయాకే మంచం దిగాలి.

పొలం నుంచి వచ్చిన అలసట రాత్రి నిద్రతో తీరుతుంది. క్యాన్సర్, దాని మందులు తెచ్చే అలసట వేరు. ఎంత పడుకున్నా తీరదు, పైగా పడుకున్న కొద్దీ కండ కరిగి ఇంకా పెరుగుతుంది. ఏ జబ్బూ లేని వృద్ధుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్లలోంచే దాదాపు కిలో కండ తగ్గిందని 2007లో ఒక అధ్యయనం చూపింది. కీమో పడ్డ ఒంటి సంగతి ఇక చెప్పేదేముంది.

అమెరికా క్రీడావైద్య నిపుణుల సంస్థ (ఏసీఎస్ఎం) పిలిచిన బృందం 2019లో మోతాదు కూడా చెప్పింది: వారానికి 3 రోజులు, రోజుకి 30 నిమిషాలు, కనీసం 12 వారాలు. అలసట, దిగులు, ఆందోళన తగ్గడానికీ, సొంత పనులు చేసుకోవడానికీ ఇది సాయపడుతుందని వాళ్ల తేల్పు. మొదటి రోజే 30 నిమిషాలు నడిచి, మర్నాడు లేవలేక మానేసేవాళ్లే ఎక్కువ. అందుకని మొదటి వారం 10 నిమిషాలు, అదీ కష్టమైతే అయిదేసి నిమిషాలు రెండుసార్లు. తర్వాత వారానికి 5 నిమిషాలు కలపండి. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంతే చాలు. మే నెల ఉక్కపోతలో అయితే పొద్దున్న 6 లోపే ముగించాలి.

కాళ్ల బలానికి కుర్చీ లోంచి చేతులు పట్టుకోకుండా లేచి కూర్చోవడం, 8 నుంచి 10 సార్లు. ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, వెనక గోడకి ఆనించి పెట్టండి.

అపోహ: నీరసానికి రెండు సెలైన్లు ఎక్కిస్తే బలం వస్తాది.

అర లీటరు మామూలు సెలైన్‌లో ఉప్పు నాలుగున్నర గ్రాములు, మిగతాదంతా నీళ్లే. 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. 100 కేలరీలు కూడా రావు, ఒక అరటిపండుతో సరి. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే అదే సీసా ప్రాణం నిలబెడుతుంది, అది వేరే సంగతి. కండకి కావలసింది మాంసకృత్తులు: ఒంటి బరువు కిలోకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాములు. 50 కిలోల మనిషికి 50 గ్రాములకి తగ్గకూడదు. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 20కి దగ్గరగా ఉంటాయి. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ దానితోనే లెక్క తేలదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు, ఇప్పటికే ఆ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా మాంసకృత్తులు పెంచొద్దు. ఒళ్లు నొప్పులకని నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

అపోహ: రొమ్ము ఆపరేషనైన వైపు చేత్తో బిందె ఎత్తితే చెయ్యి వాచిపోతాది.

ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ఇదే చెప్పేవారు. చెయ్యి ఇప్పటికే వాచిన 141 మంది మహిళలతో చేసిన పరిశోధన 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మంది ఏడాది పాటు వారానికి రెండుసార్లు, చేతికి సరిపడా కుట్టిన బిగుతు తొడుగు (స్లీవ్) వేసుకుని, కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ ఎత్తారు. వాళ్ల వాపు పెరగలేదు. వాపు ముదిరిన సందర్భాలు ఎత్తనివాళ్లలో 29 శాతం, ఎత్తినవాళ్లలో 14 శాతం. ‘కొద్దికొద్దిగా’ అన్న మాట దగ్గరే అంతా ఉంది.

ఆపరేషన్ చోట చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం తీసేదాకా చెయ్యి భుజం ఎత్తు దాటించొద్దు. తీశాక, సర్జన్ సరేనన్నాక గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించండి. అందిన చోట సుద్దముక్కతో గీత పెట్టండి, మర్నాడు దాన్ని దాటాలి. రోజుకి రెండుమూడు విడతలు. రేడియేషన్‌లో చెయ్యి తలపైకి పెట్టి పడుకోబెడతారు. భుజం బిగుసుకుపోయిన మనిషికి అక్కడే ఇబ్బంది. చంకలోంచి మోచేతి దాకా తాడు లాగినట్టు అనిపిస్తే నరం తెగుతుందని భయపడి ఆపేస్తారు. అది నరం కాదు, సాగదీత చేస్తుంటే సడలుతుంది.

ఇక బరువు. లీటరు సీసాలో సగం నీళ్లు పోస్తే అర కిలో. మోచెయ్యి వంచి 10 సార్లు, కాసేపు ఆగి మరో 10. మధ్యలో ఒక రోజు విరామం. మర్నాడు చెయ్యి బరువుగా లేకుండా, గాజులు బిగుసుకోకుండా రెండు విడతలు గడిస్తే సీసాలో పావు లీటరు పెంచండి. నిండు బిందె 12, 15 కిలోలుంటుంది. అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది, పావు బిందెతో మొదలు. ఆరు నెలలు ఆ చేతికి ఏ పనీ చెప్పకుండా ఉంచి, సంక్రాంతి ముందు ఒక్కసారిగా ఇల్లు కడిగి, సామాన్లు దించి, పిండి దంచిన వారమే వాపులు కనబడతాయి. తప్పు పండగ పనిది కాదు, అంతకు ముందు ఊరుకున్న ఆరు నెలలది.

మణికట్టు, మోచెయ్యి, దానికి పైన 10 సెంటీమీటర్ల దగ్గర నెలకోసారి టేపుతో కొలిచి రాసుకోండి. మొదటి కొలతల కన్నా 2 సెంటీమీటర్లు పెరిగితే చూపించాలి. పలాస జీడి కార్మికులకి ఒక మాట: పిక్క నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఆ పుండులోంచి ఇన్ఫెక్షన్ దిగితే వాచే గుణమున్న చేతికి పెద్ద ముప్పు. గ్లవ్స్ లేకుండా ఆ పని వద్దు. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి.

అపోహ: నోటి క్యాన్సర్‌కి వ్యాయామమేంటి?

నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ మన జిల్లాల్లో పాత అలవాటు. దాని మీద శ్రీకాకుళం పల్లెల్లో 10 వేల మందికి పైగా పరీక్షించి రాసిన పరిశోధన 1971లోనే వచ్చింది. అంగిలి, బుగ్గ ఆపరేషన్లకీ రేడియేషన్‌కీ దవడ బిగుసుకుపోతుంది. తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే ఐస్‌క్రీం పుల్లలు శుభ్రంగా కడిగి, పట్టినన్ని దొంతరగా పళ్ల మధ్య పెట్టి 30 సెకన్లు ఉంచండి. 5 సార్లు, రోజుకి మూడు పూటలా. నొప్పి లేకుండా కుదిరితేనే ఇంకో పుల్ల. పళ్లు కదులుతుంటే ముందు డాక్టర్ని అడగాలి. రేడియేషన్ అయిపోయిందని ఆపొద్దు, బిగుసుకోవడం నెలల తర్వాత కూడా వస్తుంది.

మెడ గడ్డలు తీసినవాళ్లకి భుజాన్ని లేపే నరం దెబ్బతిని భుజం జారుతుంది. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టండి, వీపు మీది రెక్కల్ని వెనక్కి దగ్గరకి లాగడం 10 సార్లు చెయ్యండి. ఆ చేత్తో బరువు వేలాడదీయొద్దు.

అపోహ: పొలం పనికి వెళ్తున్నాం, అదే వ్యాయామం.

కొంత నిజమే, లెక్కలోకి వస్తుంది. ఉభాలప్పుడు (వరినాట్లప్పుడు) వారం రోజులు నడుం విరిగేలా వంగి, తర్వాత రెండు నెలలు అరుగు మీద కూర్చుంటే మాత్రం పనికి రాదు. కీమో వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు చెప్పుల్లేకుండా గట్టు దిగొద్దు. ముల్లు దిగినా తెలీదు, రాత్రి పాదాలు చూసుకోవాలి.

అపోహ: కదిలితే జబ్బు ఒళ్లంతా పాకుతాది.

పాకదు.

అపోహ: రోజూ నడిస్తే, యోగా చేస్తే జబ్బు మళ్లీ రాదు, మందులక్కర్లేదు.

2025లో వచ్చిన పెద్ద పరిశోధన ఒకటుంది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మందిలో సగం మందికి మూడేళ్లు పర్యవేక్షణతో వ్యాయామం చేయించారు. అయిదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు వీళ్లలో 80.3 శాతం, వ్యాయామం గురించి చెప్పే పుస్తకం మాత్రమే ఇచ్చిన మిగతా సగంలో 73.9. ఇది చికిత్స పూర్తి చేసుకున్నాక దక్కిన అదనం. మిగతా క్యాన్సర్లకి ఇవే అంకెలు అతికించకూడదు. వ్యాయామం చేసినవాళ్లకి కండరాలు, కీళ్ల నొప్పులు కొంచెం ఎక్కువే వచ్చాయి, అదీ దాచక్కర్లేదు.

అపోహ: మంచిదే కదా, ఎప్పుడైనా చేసుకోవచ్చు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఆ రోజు మానెయ్యండి. ప్లేట్‌లెట్లు 50 వేల లోపు ఉంటే బరువులు వద్దు. హిమోగ్లోబిన్ 8 లోపుంటే డాక్టర్ని అడిగాకే నడక. విశాఖకి వందకి పైగా కిలోమీటర్ల ప్రయాణంలో సీట్లోనే మడమలు, మునివేళ్లు మార్చి మార్చి లేపుతూ ఉండండి. ఒక్క పిక్కే వాచి నొప్పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి, తోమి మర్దన చెయ్యొద్దు. జబ్బు ఎముకల్లోకి వెళ్లినవాళ్లు నడుం మెలితిప్పే, ముందుకి బాగా వంచే ఆసనాలు మానాలి. వీళ్లకి కొత్తగా వెన్నునొప్పి మొదలై, పడుకుంటే పెరిగి, కాళ్లలో పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా రేపటిదాకా ఆగకుండా ఆ రాత్రే బయల్దేరాలి.