ప్రాక్స్‌మాక్స్ హోస్ట్ అప్‌డేట్: అపోహలు - వాస్తవాలు

ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే సర్వర్‌లో చాలా వీఎంలను (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడిపే వ్యవస్థ. అలా నడిపే వర్చువలైజేషన్ హోస్ట్ అంటే ఒక్క సర్వర్ కాదు, దాని మీద నడిచే వీఎంలన్నీ. అందుకే ఈ అపోహల గురించి గట్టిగానే చెప్పాలనిపిస్తుంది.

అపోహ: అడుగున ఉన్నది డెబియన్ లినక్సే కదా, ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొడితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పాత ప్యాకేజీని తీసేస్తే తప్ప ఎక్కని అప్‌డేట్‌లను ఆ కమాండ్ పక్కన పెట్టేస్తుంది. హోస్ట్ సగం కొత్తది, సగం పాతదిగా మిగులుతుంది. ‘ఫుల్-అప్‌గ్రేడ్’ వాడండి. అయితే వై నొక్కే ముందు జాబితా చదవండి. తీసేసే వాటిలో ప్రాక్స్‌మాక్స్ ప్రధాన ప్యాకేజీ ‘ప్రాక్స్‌మాక్స్-వీఈ’ కనిపిస్తే వెంటనే ఆగిపోండి. రిపాజిటరీలు (ప్యాకేజీలు తెచ్చుకునే చోట్లు) సరిగ్గా లేవని అర్థం.

అపోహ: వీఎంను లోపలి నుంచి రీబూట్ చేస్తే కొత్త క్యూఎము (వీఎంను నడిపే ప్రోగ్రామ్) వచ్చేస్తుంది.

వాస్తవం: చాలామంది పొరబడేది ఇక్కడే. వీఎం అంటే హోస్ట్ మీద నడిచే ఒక క్యూఎము ప్రాసెస్. లోపలి ఓఎస్ రీబూట్ అయినా ఆ ప్రాసెస్ ఆగదు, పాత కోడ్‌తోనే నడుస్తుంటుంది. 2015లో బయటపడిన వెనమ్ లోపం క్యూఎములోని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ఉంది. దాని ద్వారా వీఎం నుంచి హోస్ట్‌లోకి చొరబడే ప్రమాదం ఉండేది. ఇలాంటప్పుడు ప్యాచ్ ఎక్కించి ఊరుకుంటే వీఎంకు రక్షణ వచ్చినట్టు కాదు. దాన్ని పూర్తిగా ఆపి స్టార్ట్ చేయాలి, లేదా అప్‌డేట్ అయిన నోడ్‌కు (క్లస్టర్‌లోని మరో హోస్ట్‌కు) లైవ్ మైగ్రేట్ చేయాలి, అంటే ఆపకుండానే తరలించాలి. ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలోని రీబూట్ బటన్ కూడా పనికొస్తుంది, అది ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది. రీసెట్ బటన్ మాత్రం అలా చేయదు. కంటైనర్ల సంగతి వేరు. అవి హోస్ట్ కెర్నెల్ (ఓఎస్‌లోని మూల భాగం) మీదే నడుస్తాయి కాబట్టి కొత్త కెర్నెల్ కావాలంటే హోస్టే రీబూట్ కావాలి.

అపోహ: స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితిని భద్రపరచడం) ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: స్నాప్‌షాట్ ఉండేది అదే స్టోరేజ్‌లో. స్టోరేజ్ పోతే అదీ పోతుంది.

అపోహ: క్లస్టర్ (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపు) ఉంది కాబట్టి నోడ్‌లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేసేయొచ్చు.

వాస్తవం: మూడు నోడ్‌ల క్లస్టర్‌లో రెండు పడిపోతే కోరమ్ (నిర్ణయాలకు కావాల్సిన మెజారిటీ) పోతుంది. మిగిలిన నోడ్ మీద హెచ్‌ఏ వీఎంలు (నోడ్ పడిపోతే మరో నోడ్‌లో వాటంతట అవే స్టార్ట్ అయ్యేలా పెట్టినవి) ఉంటే అదీ తనంతట తానే రీబూట్ అవుతుంది. ఒక నోడ్ ఖాళీ చేసి, అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, అంతా బాగుందనుకున్నాకే రెండోది ముట్టుకోండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మైగ్రేషన్ నడుస్తుంది. వెనక్కి నడుస్తుందన్న భరోసా లేదు.

అపోహ: కొత్త కెర్నెల్ ఇబ్బంది పెడితే పాతదానికి ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి (నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి లాగిన్ అయి) మార్చుకోవచ్చు.

వాస్తవం: పాత కెర్నెల్ బూట్ మెనూలో ఉంటుంది, నిజమే. కానీ కెర్నెల్ మారినప్పుడు నెట్‌వర్క్ కార్డు పేరు కూడా మారే అవకాశం ఉంది. అప్పుడు బ్రిడ్జికి (హోస్ట్‌ను, వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపేది) కార్డు దొరకదు, ఎస్‌ఎస్‌హెచ్ కూడా దొరకదు. రీబూట్ కొట్టే ముందే ఐడ్రాక్ లేదా ఐఎల్‌ఓలోకి (ఓఎస్‌తో పని లేకుండా సర్వర్‌ను దూరం నుంచి నియంత్రించేవి) లాగిన్ అయి, కన్సోల్ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.