ఎంఎస్ ఉన్నవాళ్లకు సర్వీస్ డాగ్: అపోహలు - వాస్తవాలు

నేను కాలిఫోర్నియాలో సర్వీస్ డాగ్ ట్రైనర్‌ని. నడక, బ్యాలెన్స్, చేతిపట్టు దెబ్బతిన్నవాళ్లకు సాయంగా ఉండే కుక్కల్ని తయారుచేయడం నా పని. మల్టిపుల్ స్క్లిరోసిస్, అంటే ఎంఎస్ ఉన్న తెలుగువాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. చాలాసార్లు మాట్లాడేది జబ్బు ఉన్న మనిషి కాదు, భర్తో, అక్కో, కాలేజీలో చదివే కొడుకో. కొందరు కుక్క వస్తే కష్టాలన్నీ గట్టెక్కుతాయనుకుంటారు. ఇంకొందరు "ఇంకా అంతదాకా రాలేదండీ, బాగానే నడుస్తోంది" అంటారు. వాళ్లందరినీ నేను అడిగేది ఒకటే: పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏయే పనుల దగ్గర ఒంట్లో శక్తి అయిపోతోంది? ఆ లిస్టు రాస్తే కుక్క కావాలో వద్దో సగం తేలిపోతుంది.

కింద చట్టాల గురించి రాసినవన్నీ అమెరికా చట్టాలే.

అపోహ: నడవగలిగేవాళ్లకు సర్వీస్ డాగ్ ఎందుకు?

ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా 20 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకు పరుగెత్తే వయసన్నమాట. పైకి చూస్తే మనిషి నిక్షేపంగా ఉంటుంది. లోపల మాత్రం అలసట. పడుకుని లేచినా తీరని అలసట. దానికి తోడు ఒంటి వేడి కాస్త పెరిగితే చాలు, దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగించి చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు దీన్ని నమోదు చేశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. వేడినీళ్ల స్నానం చాలు. పొయ్యి దగ్గర నిలబడి నలుగురికి వంట చేసినా చాలు.

సర్వీస్ డాగ్ అనగానే చూపులేనివాళ్లకు దారి చూపే కుక్కే గుర్తొస్తుంది, ఎందుకంటే అమెరికాలో ఆ శిక్షణ 1929 నుంచీ ఉంది. కాళ్లూ చేతుల ఇబ్బంది ఉన్నవాళ్లకూ కుక్క పనికొస్తుందని బానీ బెర్గిన్ ఇక్కడి శాంటా రోసాలో కనైన్ కంపానియన్స్ సంస్థ మొదలుపెట్టింది 1975లో. ఇప్పుడు మేం ఎంఎస్ ఉన్నవాళ్ల కోసం నేర్పేవన్నీ దాదాపు ఆ బాపతే, చిన్న చిన్న పనులు. వేళ్లు మొద్దుబారిన చేతుల్లోంచి రోజంతా ఏదో ఒకటి జారిపోతూనే ఉంటుంది: తాళాలు, ఫోను, గరిటె. ప్రతిసారీ వంగి లేస్తే తల తిరుగుతుంది, ఒక్కోసారి పడిపోతారు. కుక్క తీసి ఒళ్లో పెడుతుంది. డ్రయర్‌లోంచి బట్టలు ఒక్కొక్కటే లాగి బుట్టలో వేస్తుంది. ఫ్రిజ్ హ్యాండిల్‌కు కట్టిన తాడు లాగి తలుపు తీస్తుంది, ముక్కుతో లైటు వేస్తుంది, షాపుల్లో ఆటోమేటిక్ తలుపు బటన్ నొక్కుతుంది. విడివిడిగా చూస్తే ఇందులో గొప్పేమీ లేదు. అవే సాయంత్రానికి కలిసొచ్చి, రాత్రి పిల్లాడి హోంవర్క్ దగ్గర కూర్చునే ఓపిక మిగులుతుంది.

వీటిలో మాకు ఓపిక పరీక్ష పెట్టేది, నేల మీద పడ్డ క్రెడిట్ కార్డు తీయించడం. మొదట గుడ్డతో చేసిన వస్తువు నోటికి పట్టిస్తాం, తర్వాత చెక్క, ప్లాస్టిక్. ఇనుము, స్టీలు కుక్కలకు గిట్టవు, పంటికి తగలగానే వదిలేస్తాయి. అందుకే తాళాలగుత్తికి తోలుముక్క కట్టి, రోజురోజుకీ దాన్ని చిన్నది చేసుకుంటూ వస్తాం. కార్డు వంతు చిట్టచివర్న. నున్నటి నేలకు అతుక్కుపోయిన కార్డు అంచు కింద పెదవి దూర్చి లేపడం నేర్పాలి. కొన్ని గడుసు కుక్కలు ఆ తంటా పడకుండా, పంజాతో కార్డును గోడదాకా జరిపి, అక్కడ అంచు పైకి లేచాక పట్టేసుకుంటాయి. అది మేం నేర్పింది కాదు. పని అయింది కదా అని నవ్వుకుని పాస్ మార్కులేస్తాం.

సాక్సులు విప్పడం మాత్రం నవ్వులాట కాదు. పాదం మొద్దుబారినవాళ్లకు కుక్క పన్ను వేలికి తగిలినా తెలియదు, గీరుకుపోయినా తెలియదు. అందుకని వేళ్లకు ముందున్న ఖాళీ గుడ్డను మాత్రమే పట్టుకుని లాగడం వచ్చేదాకా మా కాళ్ల మీదే సాధన.

అపోహ: కుక్క మీద చెయ్యి ఆనించి లేవొచ్చు, పడబోతే అదే ఆపుతుంది

ఫోన్లలో ఎక్కువగా వినే మాట ఇది, నాకు టెన్షన్ పెట్టే మాట కూడా ఇదే. లాబ్రడార్ బరువు ముప్పై కిలోలు అటూ ఇటూ. డెబ్బై కిలోల మనిషి ఒక్కసారి దాని వీపు మీద వాలితే దెబ్బ తగిలేది ఇద్దరికీ. కుక్క వెన్నెముక పైనుంచి పడే బరువు మోయడానికి తగినది కాదు. హ్యాండిల్ ఉన్న గట్టి హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీ) వేసి, నడుస్తున్నప్పుడు పక్కకు తూలకుండా కాస్త ఆనిక ఇచ్చే పని ఉంది, కాదనను. దానికి ఎత్తు, ఒడ్డూ పొడుగూ ఉన్న కుక్క కావాలి. రెండేళ్లు నిండి, తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రేలు బాగున్నాయని తేలాలి. అంత చేసినా కొన్ని సంస్థలు ఈ పని నేర్పనే నేర్పవు. బరువు మోపాల్సిన అవసరం ఉంటే చేతికర్రో, వాకరో ముందు. ఏది ఎంత అన్నది మీ ఫిజియోథెరపిస్ట్ తేల్చాలి, కుక్కల ట్రైనర్ కాదు.

పడ్డాక మాత్రం కుక్క నిజంగా అక్కరకొస్తుంది. ఫోను తెచ్చిస్తుంది, ఎమర్జెన్సీ బటన్ నొక్కుతుంది, పై గదిలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి పిలుచుకొస్తుంది.

అపోహ: ఎంఎస్ తిరగబెట్టబోతోందని కుక్క ముందే పసిగడుతుంది

ఇది మేం నేర్పే పని కాదు, నేర్పుతామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. మీతో ఏళ్ల తరబడి ఉన్న కుక్క మీ నడకలో తేడా గమనించి దగ్గరగా మసలొచ్చు. దాన్ని చూసి మందులు మార్చుకోకూడదు, న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోకూడదు.

అపోహ: రిజిస్ట్రేషన్ కార్డు, కోటు ఉంటేనే సర్వీస్ డాగ్

ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టించుకుని కార్డు, సర్టిఫికెట్, ఎర్రకోటు పంపేవాళ్లున్నారు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ, వీటిలో ఏదీ అడగదు. ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ లేనే లేదు. మీ వైకల్యానికి సంబంధించిన పని చేసేలా శిక్షణ పొందిన కుక్క అయితే చాలు. షాపువాళ్లు అడగదగ్గవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఏ పని నేర్చుకుంది? "అవసరం. కింద పడ్డవి తీసిస్తుంది, తలుపులు తెరుస్తుంది" అంటే సరిపోతుంది. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, కాగితం చూపించక్కర్లేదు. ఇండియన్ స్టోర్‌కైనా, బిర్యానీ హోటల్‌కైనా ఇదే రూలు. పక్క టేబుల్ ఆయనకు కుక్కలంటే భయమనో, ఎలర్జీ అనో మిమ్మల్ని బయటికి పంపకూడదు. కుక్క అదుపు తప్పి అరుస్తున్నా, లోపల తడిపినా మాత్రం దాన్ని బయటికి తీసుకెళ్లమనే హక్కు వాళ్లకుంది.

కేవలం పక్కనుండి ధైర్యమిచ్చే ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌కు షాపుల్లో, హోటళ్లలో ఈ హక్కు లేదు. అద్దె ఇళ్ల చట్టం వేరు, అక్కడ దానికీ చోటుంది. విమానాల సంగతి ఇంకా వేరు: 2021 జనవరి నుంచి శిక్షణ పొందిన కుక్కల్నే సర్వీస్ యానిమల్‌గా ఒప్పుకుంటే చాలు, రవాణా శాఖ ఫారం నింపి ఇమ్మని ఎయిర్‌లైన్స్ అడగొచ్చు.

మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. మత సంస్థలకు ఏడీఏ ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే గుడి కమిటీ కుక్కను రానివ్వకపోతే చట్టం చూపించి వాదించలేరు. వెళ్లే ముందే మేనేజర్‌తో మాట్లాడుకోవడం మేలు. కొన్నిచోట్ల హాల్లో ఒక మూల కూర్చోనిస్తారు, కొన్నిచోట్ల చెప్పుల స్టాండ్ దాటనివ్వరు.

అపోహ: మా ఇంట్లో కుక్క తెలివైనది, దానికే నేర్పించేయొచ్చు

చట్టం కాదనదు, సొంతంగా నేర్పుకున్నా ఒప్పుకుంటుంది. కానీ తెలివి ఒక్కటే చాలదు. షాపింగ్ కార్ట్ దడదడ దొర్లుకుంటూ పోతున్నా, పక్కన పిల్లాడు చిప్స్ పారబోసినా, ఇంకో కుక్క మొరిగినా చలించని స్వభావం పుట్టుకతో ఉండాలి. సంస్థలు ఏరికోరి పెంచిన లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లలోనే సగం దాకా చివరి మెట్టు ఎక్కవు. పిల్లగా ఉన్నప్పుడు వాలంటీర్ల ఇళ్లలో ఏడాదికి పైగా పెరుగుతాయి, ఆపైన మా దగ్గర నెలల తరబడి శిక్షణ, ఆ తర్వాత మీతో కలిపి రెండు వారాల పాఠాలు. మీ పెంపుడు కుక్కను నేను వద్దనడం లేదు, ముందు పరీక్ష చేయించండి అంటున్నాను. ఆ పరీక్షలో ఫెయిలైతే అది మంచి పెంపుడు కుక్కగానే ఉండిపోతుంది, అందులో నామోషీ ఏముంది?

అపోహ: కుక్క వచ్చాక ఇంట్లో పని తగ్గుతుంది

కొంత తగ్గుతుంది, కొంత పెరుగుతుంది. రాత్రి పదింటికి, వాన పడుతున్నా సరే, దాన్ని బయటికి తిప్పాలి. మీకు కాళ్లు కదలని రోజు ఎవరు తిప్పుతారు? జబ్బు తిరగబెట్టి హాస్పిటల్లో చేరితే ఎవరి దగ్గర ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకు పేరు పెట్టి ఒక మనిషిని చూపించమంటాను. "ఎవరో ఒకరు చూసుకుంటారు" అన్న ఇంటికి కుక్కనివ్వడానికి నాకు చెయ్యి రాదు.

ఇక మందులు. ఈ ముక్క దాటేయకుండా చదవండి. కండరాల బిగువు తగ్గడానికి వాడే బాక్లోఫెన్ కుక్కలకు విషం, ప్రాణం మీదికి తెస్తుంది. నడక వేగం పెరగడానికి ఇచ్చే డాల్‌ఫాంప్రిడిన్ కూడా అంతే. ఇక్కడ పక్షుల్ని మట్టుపెట్టడానికి వాడే మందులో ఉండేది ఆ రసాయనమే. ఎంఎస్ ఉన్నవాళ్లలో చాలామంది విటమిన్ డి ఎక్కువ మోతాదులో వేసుకుంటారు. ఎలుకల మందుల్లో ఒక రకం తయారయ్యేది దానితోనే. మరి మనం కుక్కకు నేర్పేదేమో మందుల సంచి నోట కరిచి తెమ్మని! అందుకే మా దగ్గర మెత్తటి పర్సులు, నమిలితే పగిలే ప్లాస్టిక్ సీసాలు నిషేధం. గట్టి డబ్బాలో పెట్టి, దానికి తాడు హ్యాండిల్ కట్టి, ఆ హ్యాండిల్ మాత్రమే పట్టేలా నేర్పుతాం. చేతిలోంచి మాత్ర జారిపడితే కుక్క వెనక్కి జరిగి కూర్చోవాలి. కింద పడ్డ ప్రతిదీ తీసిచ్చే కుక్కకు ఇది తిరకాసు పాఠమే, తప్పదు.

వంటిల్లు కూడా అలాంటిదే. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు పడవు. కిస్మిస్ కిడ్నీలను పాడుచేయగలదు. పండగపూట ముద్దుగా పెట్టే చెంచాడు పరమాన్నంలోనూ కిస్మిస్ ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు "పాపం చూస్తోందే" అని సాంబారన్నం ముద్ద పెడితే వద్దనడం కోడలికి కష్టం. ఆ మాట నేను చెబుతానులెండి, నా మీదికి నెట్టేయండి. పూజగది గడప దాటకుండా ఉండటం మాత్రం వారం రోజుల్లో నేర్చుకుంటుంది. పెద్దవాళ్ల బెంగ చాలావరకు అక్కడే తీరిపోతుంది.

ఓక్రెలిజుమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు కుక్క టీకాలు, నులిపురుగుల మందు విషయంలో తేదీ తప్పకూడదు. పచ్చిమాంసం తిండి వద్దే వద్దు, సాల్మొనెల్లా భయం.

అపోహ: ఇన్సూరెన్స్ ఇస్తుంది, లేదా ధనవంతులకే సాధ్యం

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇవ్వదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఇస్తుందని ఆశపడొద్దు. ఒక్కో కుక్కను తయారుచేయడానికి 50,000 డాలర్ల దాకా అవుతుందని సంస్థలు లెక్క చెబుతుంటాయి, అయినా కనైన్ కంపానియన్స్ లాంటివి విరాళాల మీద నడుస్తూ ఉచితంగానే ఇస్తాయి. వెయిటింగ్ మాత్రం పొడుగు. ఆ తర్వాత తిండి, వెటర్నరీ ఖర్చు మీదే. అది పన్నుల్లో వైద్య ఖర్చు కింద చూపించుకోవచ్చు, మొత్తం వైద్య ఖర్చులు మీ ఆదాయంలో 7.5 శాతం దాటితే, ఆ దాటిన మేరకు. మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏను అడగండి.

అపోహ: ఇండియాకు కూడా మామూలుగానే తీసుకెళ్లొచ్చు

ఇండియాలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది, మంచిదే. కానీ ఏడీఏ ఇచ్చిన ప్రవేశ హక్కు శంషాబాద్‌లో దిగాక మీ వెంట రాదు. హోటల్, రైలు, పెళ్లి హాలు, ప్రతిచోటా విడివిడిగా మాట్లాడుకోవాల్సిందే. దానికన్నా పెద్ద చిక్కు తిరుగు ప్రయాణంలో. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇండియాను పెట్టింది, సర్వీస్ డాగ్‌కూ మినహాయింపు లేదు. 2024 ఆగస్టు 1 నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం కుక్కకు మైక్రోచిప్ ఉండాలి, అమెరికాలో రేబిస్ టీకా వేయించినట్టు ఫారం ఉండాలి. ఆ ఫారం మీద అమెరికా వ్యవసాయ శాఖ, యూఎస్‌డీఏ, ఆమోదం ఇక్కణ్ణుంచి బయల్దేరకముందే పడాలి. అది మర్చిపోయి వెళ్తే వ్యవహారం 28 రోజుల క్వారంటైన్ దాకా పోవచ్చు. కాబట్టి టికెట్లు బుక్ చేసేముందే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.