మూడేళ్ల ప్రాక్టీసు: 2002లో ఎత్తేసిన షరతు మళ్లీ ఎందుకొచ్చింది?

కింది కోర్టుల్లో తొలి మెట్టయిన సివిల్ జడ్జి పోస్టుకు న్యాయవాదిగా మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అన్న నిబంధనపై లా విద్యార్థుల్లో మళ్లీ ఆందోళన మొదలైంది. 2025 మే 20న సుప్రీంకోర్టు పెట్టిన ఈ షరతు కొత్తదేమీ కాదు, 1993లోనూ ఉంది. మధ్యలో 2002లో దాన్ని ఎందుకు ఎత్తేశారో తెలిస్తేనే ఇప్పటి గొడవ అర్థమవుతుంది.

అప్పటికి అయిదేళ్ల లా కోర్సు నిలదొక్కుకుంది. బెంగళూరు లా స్కూలు తర్వాత 1998లో హైదరాబాద్‌కు నల్సార్ లా యూనివర్సిటీ వచ్చింది. చురుకైన పిల్లలు మూడేళ్లు న్యాయవాద వృత్తిలో కుదురుకున్నాక కింది కోర్టు ఉద్యోగం వైపు చూడరని కింది కోర్టుల జడ్జీల జీతభత్యాలు, సర్వీసు పరిస్థితులను పరిశీలించిన జస్టిస్ జగన్నాథ శెట్టి కమిషన్ చెప్పింది. 2002 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మాటతో ఏకీభవించి షరతు సడలించింది. అయితే ఊరికే సడలించలేదు. ఎంపికైనవారికి కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు శిక్షణ ఇవ్వాలంది. నేటి చర్చలో ఈ సగం వినిపించడమే లేదు.

కొత్త పట్టభద్రులతో అనుభవం బాగోలేదని చాలా హైకోర్టులు చెప్పినట్టు 2025 తీర్పు పేర్కొంది. కుర్చీలో కూర్చున్న రోజు నుంచే మనుషుల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి జడ్జి చేతిలో ఉంటాయని ధర్మాసనం గుర్తుచేసింది. కాదనలేని మాటే. కానీ లోపం శిక్షణలో ఉంటే దాని భారం అభ్యర్థి ఇంటిమీద పడటం న్యాయమా?

ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయో జిల్లా కోర్టుకు వెళ్తే తెలుస్తుంది. పొద్దున్నే సీనియర్ ఆఫీసులో ఆనాటి కేసుల కట్టలు సర్దాలి. కేసులను వరసగా పిలిచే కాల్ వర్క్ వేళకు ఒక కోర్టులో వాయిదా అడిగి ఇంకో కోర్టుకు పరుగెత్తాలి. సాయంత్రం మళ్లీ ఆఫీసు, డ్రాఫ్టింగ్. చాలాచోట్ల చేతికొచ్చేది దారి ఖర్చులకే సరి. గది అద్దె ఇంటినుంచే రావాలి. కూలి చేసి కూతురిని లా చదివించిన ఇల్లు ఇంకో మూడేళ్లు ఆగగలదా? ఈలోగా పెళ్లి మాట ఎత్తరా?

పైగా ప్రాక్టీసు చేసినట్టు ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి గానీ, పదేళ్ల అనుభవమున్న న్యాయవాది గానీ సర్టిఫికెట్ ఇవ్వాలి, న్యాయవాది ఇస్తే దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. ఆ సంతకం కోసం ఎదురుచూసే జూనియర్ డబ్బుల ఊసెలా ఎత్తగలరు? జడ్జీల దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవడం ఊరటే, కాకపోతే ఆ అవకాశం కొద్దిమందికే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో జూనియర్లకు మూడేళ్లపాటు నెలకు రూ.5,000 ఇచ్చే పథకం మొదలైంది. ఆ రాష్ట్ర సివిల్ జడ్జి నోటిఫికేషన్‌లోని మూడేళ్ల షరతుపై కేసు సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, 2021 జనవరిలో, అనుభవం తప్పనిసరి కావాలని న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గట్టిగా నిలబడింది. అదే కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 స్టైపెండ్ ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అక్కడ మాత్రం సిఫార్సుతో సరిపెట్టింది, తప్పనిసరి చేయలేదు.